వేడి తగిలిన చక్రము కొనవచ్చునా?

మొన్నటి వేసవిలో ఒక బంధువును విమానమెక్కించుటకు శంషాబాదు వెళ్ళితిమి. మమ్ము తీసికొనిపోయినవాడు మా వీధి కుర్రవాడే. బ్యాంకు అప్పుతో కారు కొని, విమానాశ్రయమునకు ప్రయాణికులను చేరవేయుచు సంసారమును ఈడ్చుకొని వచ్చుచున్నాడు. తిరుగు ప్రయాణమున బెంగుళూరు రహదారి ప్రక్కన ఒక పాత సామానుల దుకాణము ముందు బండి ఆపి, "ఐదు నిమిషాలు సార్, డిస్కులు చూసి వస్తా" అని దిగెను. మేమును దిగితిమి.

అతడు డిస్కులనినది అల్యూమినియం మిశ్రమలోహముతో పోతపోసిన చక్రములను. అల్లాయ్ వీల్సని అంగళ్ళలో వాటికి పేరు. నాలుగు చక్రములు త్రాటికి వ్రేలాడుచు, అప్పుడే తోమిన వెండి పళ్ళెములవలె మెరయుచుండెను. నాలుగింటికి కలిపి ఎనిమిది వేలనిరి. కొత్తవాటి వెలలో అది ఏ మూలకు? కుర్రవాని కారుకున్న ఇనుప చక్రములలో రెండు, వానకాలపు గుంతలలో పడి అంచులు వంగియుండెను. పైగా, బండి చూడముచ్చటగా నున్నచో ప్రయాణికులు నాలుగు మార్కులు ఎక్కువ వేయుదురని అతని ఆశ.

ఈ చక్రములున్న బండి ఏమయినదని దుకాణదారుని అడిగితిమి. అతడు దాచలేదు. "షార్ట్ సర్క్యూటయి ముందట జర కాలింది సార్. డిస్కులకేం కాలే. రంగు పోతె మళ్ళ కొట్టిపిచ్చినం. తిప్పి చూడుండ్రి, ఎక్కడన్న వంకర ఉంటె పైసలియ్యకుండ్రి" అనెను. కుర్రవాడు ఒక చక్రమును ఇరుసున కూర్చి తిప్పి చూచెను. అది కుమ్మరి సారెవలె చక్కగా తిరిగెను. "ఏమంటరు సార్?" అని అతడు మావైపు చూచెను.

దుకాణదారుడు అబద్ధమాడలేదు. చక్రము గుండ్రముగనే యున్నది. గుండ్రముగా నుండుట వేరు, గట్టిగా నుండుట వేరు. ఈ రెంటికి నడుమ ఎంత దూరమున్నదో ఆ రోడ్డు ప్రక్కన నిలుచుండి చెప్పుట కష్టమయ్యెను. శ్రోతలకు ఇంటివద్ద తీరికగా చెప్పుట సులభమని ఈ ప్రసంగమునకు పూనుకొంటిమి.

పాత సామాను కొనుట తప్పని మేమనము. బేగంపేటనుండి విమానముల రాకపోకలు 2008 మార్చిలో శంషాబాదునకు మారిన నాటినుండి ఆ దారినే నమ్ముకొని బ్రతుకుచున్న టాక్సీవారు వేలకు వేలు. ప్రమాదమున దెబ్బతిని బాగుచేయ వీలులేని బండ్లను బీమా సంస్థలు వేలమునకు పెట్టును. వాటి తలుపులు, అద్దములు, ఇంజను భాగములు విడివిడిగా రాణిగంజు, పుత్లీబౌలి వంటి అంగళ్ళకు, అక్కడినుండి మరమ్మతు షెడ్లకు చేరును. తలుపు పాతదైన నేమి? సొట్ట కంటికి కనబడును. దీపము వెలిగినచో వెలుగును, లేకున్న లేదు. చక్రము సంగతి అట్టిది కాదు.

మన పల్లెలలో చక్రమునకు నిప్పు శత్రువు కాదు. ఎడ్లబండి చక్రమునకు ఇనుప పట్టా ఎక్కించు తీరును పెద్దలెందరో చూచియే యుందురు. పట్టాను పిడకల మంటలో ఎర్రగా కాల్చి, సాగిన పట్టాను కొయ్య చక్రముపై దింపి, వెంటనే నీరు పోయుదురు. పట్టా బిగిసి ఆకులను, బొడ్డును ఒక్కటిగా పట్టుకొనును. కాలినందువలన చక్రము బలపడినదే కాని చెడలేదు.

అంతేకాదు, ఇనుము తనకు తగిలిన వేడిమిని తానే చెప్పును. మెరుగుపెట్టిన ఉక్కు సుమారు 230 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద ఎండుగడ్డి పసుపునకు తిరుగును. 300 డిగ్రీల వద్ద నీలి ఛాయ దేరును. సుమారు 525 దాటినచో చీకటిలో మసక ఎర్రగా కనబడ నారంభించును. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రములో ఒకప్పుడు ఉక్కు వండినవారి చేతిలో ఉష్ణమాపకము లేదు. పారశీక వర్తకులు వెదకికొని వచ్చి కొనిపోయిన ఆ ఉక్కును వారు కంటి కొలతతోనే సాధించిరి. నేటికిని కమ్మరి కొలిమివద్ద రంగు చూచియే సమ్మెట ఎత్తును.

అల్యూమినియమునకు ఈ భాష లేదు. శుద్ధమైన అల్యూమినియం 660 డిగ్రీలవద్ద కరగును. చక్రములకు వాడు మిశ్రమలోహము ఇంకను ముందే, సుమారు 555 డిగ్రీలకే మెత్తబడి కరగ నారంభించి, 615 డిగ్రీలకు పూర్తిగా నీరగును. అనగా, ఇనుమైనచో ఇంకను బాగుగా ఎర్రబడక ముందే ఇది కరగిపోవును. కరగునంతవరకు తెల్లగనే యుండును. 300 డిగ్రీల వేడిమి తగిలి చల్లారిన చక్రమును, ఏమియు తగులని చక్రమును ప్రక్కప్రక్కన నుంచినచో, రంగు గీకివేసిన పిమ్మటనైనను, ఏది ఏదో కన్ను చెప్పజాలదు. ఇనుముతో మన తాతలనాటినుండి అలవడిన కంటి తెలివి ఇక్కడ మనలను మోసగించును.

అయిన వేడిమి ఈ లోహమునకు చేయు కీడేమి? దీనికి మన వంటింటినుండియే ఒక దృష్టాంతము తీసికొందము. వెన్న కాచి దింపిన నెయ్యిని మెల్లగా చల్లారనిచ్చినచో పూసకట్టును. త్వరగా చల్లార్చినచో పూసలు లేక నునుపుగా పేరుకొనును. రెండును ఒకే నెయ్యి, ఒకే వెన్నది. వేడిమి ఎట్లు ఎక్కినది, ఎట్లు దిగినది అను దానినిబట్టి లోపలి అమరిక మారినది.

చక్రపు లోహములోను జరుగునది ఇట్టిదే. అందు అల్యూమినియముతో బాటు నూటికి 7 పాళ్ళు సిలికాన్, నూటికి మూడింట పదియవ వంతు, అనగా 0.3 పాళ్ళు మాత్రమే మెగ్నీషియం ఉండును. పోతపోసిన చక్రమును కర్మాగారములో 540 డిగ్రీల దాపున కొన్ని గంటలు ఉంచుదురు. అప్పుడు మెగ్నీషియం అల్యూమినియములో ఉప్పు నీటిలో కరగినట్లు కలసిపోవును. వెంటనే చక్రమును నీటిలో ముంచుదురు. కరగినది బయటికి వచ్చుటకు వ్యవధి లేక లోపలనే చిక్కుకొనును. తరువాత 150 నుండి 180 డిగ్రీల నడుమ మరికొన్ని గంటలు నిదానముగా కాచుదురు. అప్పుడు చిక్కుకొన్న మెగ్నీషియం, సిలికానుతో జతగూడి, సూక్ష్మదర్శినికి సైతము సులభముగా దొరకని అతి చిన్న పూసలుగా లోహమంతట పుట్టును. బరువు పడినప్పుడు లోహపు పొరలు ఒకదానిపై నొకటి జారబోవును గదా, ఆ లెక్కలేని పూసలు చీలలవలె నిలిచి ఆ జారుడును ఆపును. చక్రపు బలమంతయు ఆ చీలలదే.

ఈ మర్మము మొదట బయటపడినది అనుకోకుండ. 1906లో జర్మనీలో ఆల్‌ఫ్రెడ్ విల్మ్ అను శాస్త్రజ్ఞుడు, కొంచెము రాగియు మెగ్నీషియమును కలిపిన అల్యూమినియమును కాల్చి నీటిలో ముంచి, దాని గట్టితనమును కొలిచెను. ఆశించిన ఫలితము రాలేదు. ఒకటి రెండు దినములు గడచిన పిమ్మట మరల కొలువగా అదే ముక్క గట్టిపడియుండెను! ఎవరును ముట్టలేదు, సుత్తి తగులలేదు, ఊరక బల్లపై పడియున్నది. కారణమును ఆయన వివరింపలేకపోయెను. 1919లో అమెరికాలో మెరికా అను నాయన, ఆయన సహచరులును, లోపల కణములు పుట్టుటయే హేతువై యుండునని ఊహించిరి. 1938లో ఫ్రాన్సున గినియే, ఇంగ్లండున ప్రెస్టన్, ఒకరితో నొకరికి సంబంధము లేకయే ఎక్స్ కిరణములతో ఆ కణముల జాడను పట్టిరి. విల్మ్ కనుగొన్న ఆ లోహమే డ్యూరాల్యూమినన్న పేర తొలినాటి గాలినౌకలకును విమానములకును అస్థిపంజరమయ్యెను.

ఇప్పుడు కాలిన బండి సంగతికి వత్తము. నిదానముగా కాచి నిలిపిన ఆ చిన్న పూసలకు మరల అధికమైన వేడిమి తగిలినచో అవి ఒకదానిలో నొకటి కలసి పెద్దవగును. పెద్దవైన కొలది సంఖ్య తగ్గును, నడుమ ఎడము పెరుగును, పొరలు జారుటకు దారి దొరకును. మన ఇల్లాండ్రకు నేతిపూస ఎంత పెద్దదైన అంత ముద్దు; చక్రమునకు అదే చేటు. 200 డిగ్రీలు దాటి గంటల తరబడి యున్నను, 300 డిగ్రీలు కొద్ది నిమిషములే యున్నను బలము తగ్గ నారంభించును. 400 దాటినచో లోహము దాదాపు సగము బలమునకు దిగజారవచ్చును. చల్లారినంత మాత్రమున పోయినది తిరిగిరాదు. కర్మాగారములో మరల 540 డిగ్రీలకు కాచి, నీట ముంచి, నిదానముగా కాచినచో రావచ్చును. కాని ఆ పనిలో చక్రము వంకరపోవును, మరల చెక్కవలెను, మరల పరీక్షింపవలెను. పాత చక్రమునకు అంత శ్రమ ఎవరును పడరు.

బండి కాలినప్పుడు చక్రమునకు తగులు వేడిమి ఎంతయనుటకు నియమము లేదు. టైరు అంటుకొన్నచో 400 అనునది దూరపు మాట కాదు. అల్యూమినియం చక్రములు కరగి రోడ్డుపై వెండి మడుగులై గడ్డకట్టిన దృశ్యములను పత్రికలలో చాలమంది చూచియే యుందురు. అట్టివాటిని ఎవరును అమ్మజూపరు. కరగుటకు కొంచెము ఇవతల ఆగినవే అంగడికి వచ్చును.

సగము బలముతో చక్రము నడువదా యని కుర్రవాడును మమ్మడిగెను. నడచును. ఇంటివరకు నడచును, నెల దినములును నడువవచ్చును. చిన్న కారు చక్రము కిలోమీటరునకు సుమారు 500 చుట్లు తిరుగును. ఒక్కొక్క చుట్టులో ప్రతి ఆకుపై బరువు ఒకసారి పడి ఒకసారి తొలగును. దినమునకు 200 కిలోమీటర్లు నడచు టాక్సీలో అది లక్ష మారులు. తీగెను అటు నిటు వంచి త్రెంచినట్లు, ఈ ఎడతెగని వంపునకు మెత్తబడిన లోహము ఆకు మొదట సన్నని బీటవారును. బీట దినదినము పెరుగును. వెలుపలి వలయ రహదారిపై 100 కిలోమీటర్ల వేగమున పోవునప్పుడు చక్రము క్షణమునకు 14 చుట్లు తిరుగుచుండును. బీట ఆనాడే తెగవలెనని లేదు, తెగినచో మాత్రము ఆపుకొనుటకు వ్యవధి ఉండదు.

ఇంకను రెండు అపాయములున్నవి. మెత్తబడిన అంచు చిన్న గుంతకే వంగును. నేటి టైర్లకు లోపల ట్యూబు లేదు. అంచు వంగినచో గాలి ఒక్కసారిగా పోవును. రెండవది నట్లు బిగించు చోటు. నట్టు కూర్చొను గుంటలో లోహము మెత్తనైనచో, బిగించిన బిగువునకే అది నలిగి పల్చబడి, కొన్ని దినములకు నట్టు వదులగును. బిగించినవాడు సరిగా బిగింపలేదని నింద మోయును, లోపము అతనిది కాదు.

కొత్త చక్రములకు కఠినమైన పరీక్షలున్నవి. వాటిలో నొకటి శ్రోతలకు చెప్పదగినది. చక్రమునకు టైరు తొడిగి, గాలి నింపి, 13 డిగ్రీల వాలుగా నిలిపి, దాని అంచుపైకి 230 మిల్లీమీటర్ల ఎత్తునుండి ఒక పెద్ద బరువును వదలుదురు. చక్రము మోయవలసిన భారము 500 కిలోలైనచో పైనుండి పడు బరువు 480 కిలోలు. ఆ దెబ్బకు ఆవలికి కనబడు బీట పుట్టరాదు, ఒక నిమిషములో గాలి పోరాదు. దీనికి ఐ.ఎస్.ఓ. 7141 అని అంతర్జాతీయ ప్రమాణము కలదు. అయితే ఈ పరీక్ష ఆ నమూనాకు చేసినదే కాని, మంటలో పడిలేచి త్రాటికి వ్రేలాడుచున్న ఆ చక్రమునకు చేసినది కాదు. లోపల పోతలో వచ్చిన ముద్ర ఇంకను నిలిచియున్నను, ఆ ముద్ర చెప్పినది పుట్టిననాటి బలము.

ఆ సాయంకాలము దుకాణము ముందు మేము చేసిన పనిని ఉన్నదున్నట్లు చెప్పెదము. చక్రము ముఖము చూచుట మానివేసి వీపు చూచితిమి. రంగు వేయువారు ముఖముపై పెట్టిన శ్రద్ధ వీపుపై పెట్టరు. లోపలి గోడపై వేలు రాచినచో మూడు చక్రములు నునుపుగా నుండెను, నాలుగవదానిపై రంగు క్రింద చిన్న బొబ్బలు తగిలెను. వాల్వు రంధ్రములో టార్చిదీపము వేసి చూచితిమి. రంగు తుపాకి అందని ఆ సందులో పాత పూత మిగిలియుండెను. ఒకదానిలో తెల్లగా, ఒకదానిలో మాడిన పాలమీగడవలె గోధుమరంగుగా. నట్ల గుంటలను, నడిమి బొడ్డు లోపలి అంచును అట్లే చూచితిమి. లోపల ఉండవలసిన కొలతల ముద్రలు ఒక చక్రమున రంగుతో పూడియుండెను.

అన్నిటికంటె పెద్ద సాక్ష్యము ఒక చిన్న వస్తువువద్ద దొరకెను. చక్రము తూగుటకు అంచునకు కొట్టు సీసపు ముక్క బొబ్బలున్న చక్రమున ఒకటి మిగిలియుండెను. దాని క్రింది కొస సాగి, చుక్కగా జారబోయి ఆగినట్లుండెను. పైన వెండిరంగు పూసియుండుటచే దుకాణదారుడును గమనింపలేదు. సీసము 327 డిగ్రీలవద్ద కరగును. ఇతర లోహము కలసియున్నచో ఇంకను కొంత ముందే. అనగా ఈ చక్రపు అంచు 300 డిగ్రీల దాపునకు వచ్చినదని ఆ ముక్క సాక్ష్యమిచ్చుచున్నది. దుకాణదారుడు దానిని చేతిలోనికి తీసికొని చాలసేపు చూచి, "ఇది నేను చూడలే సార్" అనెను. మేము అతనిని నమ్మితిమి.

ఇట్టి జాడలు దొరికినచో నిర్ణయము సులభము. దొరకనిచోనే చిక్కు. సీసము కరగలేదు కావున వేడి తగులలేదని వాదింపరాదు. 250 డిగ్రీలు ఒక గంట తగిలినను సీసము చెక్కుచెదరదు, చక్రము మాత్రము చెడును. కావున జాడ దొరకుట నేరమునకు రుజువు. దొరకకుండుట నిర్దోషిత్వమునకు రుజువు కాదు. మిగిలిన మూడు చక్రముల విషయమున మేము అక్కడనే ఆగిపోయితిమి. అవి బండి ముందువో వెనుకవో ఇప్పుడెవరు చెప్పగలరు? నాలుగింటికి ఒకే రంగు పూసి ఒకే త్రాట కట్టిరి.

అంగళ్ళలో చూపు ఇతర పరీక్షల గురించి ఒక్క మాట. వ్రేలాడదీసి ఇనుప కడ్డీతో తట్టి, ఖంగుమన్నది గనుక మంచిదందురు. లోపల పెద్ద బీట ఉన్నచో ధ్వని బొంగురుపోవచ్చును, నిజమే. మెత్తబడిన లోహము మాత్రము గట్టి లోహమువలెనే మ్రోగును. యంత్రముపై తిప్పి తూకము చూపుదురు. అది గుండ్రని యాకారమునకు పరీక్ష, బలమునకు కాదు.

నిజమైన పరీక్షలు లేకపోలేదు. గట్టితనమును కొలుచు చిన్న యంత్రమున్నది. ఒక గట్టి బంతిని లోహముపై అదిమి గుంట వెడల్పు కొలుచు బ్రినెల్ పద్ధతిలో, మంచి చక్రపు లోహము 70 నుండి 90 వరకు చూపును. మంటలో మెత్తబడినది 50 దాపునకు దిగును. రెండవది విద్యుద్వాహకత. లోపలి మెగ్నీషియం పెద్ద పూసలుగా విడిపోయినచో అల్యూమినియములో విద్యుత్తు మరింత సులభముగా పారును. రెండు పరీక్షలును ఎందుకనగా, బాగుగా కాలిన లోహముపై అగ్నిమాపకదళమువారు నీరు కొట్టినచో అది కర్మాగారములో ముంచినట్లే అయి, కొన్ని దినములకు కొంత గట్టితనము దానంతట అదే తిరిగి వచ్చుటయు కలదు. విల్మ్ బల్లపై జరిగిన వింతయే అది. ఒక్క కొలత చూచినవాడు అప్పుడు మోసపోవును. హైదరాబాదున లోహవిద్యకు కొదువ లేదు. కంచన్‌బాగులో రక్షణశాఖవారి లోహ పరిశోధనాలయమున్నది, 1973లో స్థాపించిన మిశ్రధాతు నిగమమున్నది. విమానాశ్రయమునకు చేరువనే బాలాపూరులో కొత్త లోహ పదార్థముల పరిశోధన కేంద్రమున్నది. వాటి ద్వారములు పాత చక్రము చంకన పెట్టుకొని వచ్చిన టాక్సీవాని కొరకు తెరచినవి కావు. వెలుపల ఎక్కడనైన పరీక్ష చేయించినచో, ఎనిమిది వేల బేరములో మిగులు లాభమంతయు దానికే పోవును.

ఆ దుకాణమునకు పిలుపు దూరమున, విమానాశ్రయపు గోడకు ఆవల, ఇదే ప్రశ్నకు వేరొక సమాధానమున్నది. దిగిన విమానము 4,260 మీటర్ల రన్‌వేపై ఆగవలెనన్నచో దాని వేగములో చాల భాగము బ్రేకులలో వేడిమిగా మారవలెను. ఆ వేడిమి చక్రమును టైరును చెరచునని, విమానపు చక్రములకు నిర్ణీతమైన వేడిమివద్ద కరగు చిన్న బిరడాలను అమర్చుదురు. బిరడా కరగినచో టైరులోని నైట్రోజను మెల్లగా బయటికి పోవును, టైరు పేలదు. అట్టి చక్రమును వెంటనే విప్పి, గట్టితనమును, విద్యుద్వాహకతను పరీక్షించి, సందేహమున్నచో పారవేయుదురు. ప్రతి చక్రమునకు ఒక సంఖ్య, ఆ సంఖ్యకు ఒక చరిత్ర. ఈ జాగ్రత్త ఊరక వచ్చినది కాదు. 1986 మార్చి 31న మెక్సికోలో ఒక బోయింగు 727 ఎగిరిన కొంతసేపటికే, బ్రేకు వేడికి ఒక టైరు పేలి, విమానము కూలి 167 మంది మరణించిరి. ఆ టైరులో నైట్రోజనుకు బదులు మామూలు గాలి నింపియుండిరి. మన బండి చక్రమునకు అట్టి బిరడా లేదు, చరిత్ర వ్రాసిన పుస్తకము లేదు. సాగిన సీసపు ముక్క ఒకటి యదృచ్ఛగా ఆ పని చేసినది.

మంటలో కాలుట ఒక్కటే వేడిమి కాదు గదా యని శ్రోతలలో బండ్లున్నవారు అడుగవచ్చును. శ్రీశైలము ఘాటు దిగునప్పుడు బ్రేకు పళ్ళెము వందల డిగ్రీలు వేడెక్కినను, నడుమ గాలి ఆడుటచే చక్రమునకు చేరునది స్వల్పము. దానికి జంకనక్కరలేదు. బ్రేకు పట్టుకొనిపోయి, వాసన వచ్చునంతవరకు నడపిన బండి చక్రము మాత్రము అనుమానింపదగినది. పౌడర్ కోటింగు పేర 180, 200 డిగ్రీల పెట్టెలో పది ఇరువది నిమిషములు కాల్చు పద్ధతి, వేడిమిని కొలిచి ఒక్కమారు చేసినచో పెద్ద హాని చేయదు. పాత రంగును మంటతో ఊడదీయువారివద్దకు మాత్రము పోరాదు. వంగిన అంచును గ్యాసు మంటతో కాచి జాకీతో నెట్టి సరిచేయుట మన ఊళ్ళలో పరిపాటి. పనివాని నేర్పును మేము కాదనము. ఎంత కాచితినో తెలిసికొనుటకు ఆ లోహము అతనికి ఏ రంగును చూపదని ముందే చెప్పితిమి. ఆకు విరిగినచోట వెల్డింగు చేసిన చక్రమును ఉచితముగా ఇచ్చినను వలదనవలెను. లోపలి గోడపై ఒకచోట మాత్రమే గరుకుగా, లేదా సాన పట్టినట్లు అతి నునుపుగా నున్నచో అవి ఆ పనుల జాడలు.

ఇనుప చక్రము సంగతి వేరు. అది మెత్తని ఉక్కురేకును అదిమి అతికినది. దాని బలము అంత సుకుమారమైన పూసలపై ఆధారపడినది కాదు. మంటలో అదియు కొంత బలము పోగొట్టుకొనును, వంకరపోవును. అయినను ఇనుప చక్రము కొత్తదే చౌక. చౌకగా కొత్తది దొరకుచుండగా కాలినదానితో పరీక్ష లెందుకు?

కుర్రవానితో మేము అన్నది ఇదే. అతని ముఖము చిన్నబోయెను. కొంతసేపు త్రాటివైపు చూచి, "ఇంట్ల పిల్లలు కూడ ఇదే బండిల కూసుంటరు సార్" అని, నోట్లను తిరిగి జేబులో పెట్టుకొనెను. మరునాడు రెండు ఇనుప చక్రములు కొత్తవి తెచ్చుకొని, వాటికి నల్లరంగు మూతలు తగిలించెను. చూచుటకు బాగుగనే యున్నవి.

బయలుదేరబోవుచు, ఆ చక్రము నేమి చేయుదువని దుకాణదారుని అడిగితిమి. "తుక్కుకిస్తె కిలో లెక్క సార్. ఇట్ల అమ్మితె రెండు వేలు" అని ఉన్నమాట చెప్పెను. తుక్కుగా అమ్మినను దారిలో ఎవరో ఏరుకొని రంగు వేయవచ్చును. కాలిన బండిని వదలుకొను యజమానియైనను, తుక్కు వ్యాపారియైనను చక్రపు అంచును ఒకచోట రంపముతో తెగగోసినచో, అది కొలిమికి తప్ప మరెక్కడికిని పోజాలదు. తుక్కు వెల ఒక పైసయు తగ్గదు. సీసము సాగిన చక్రమునకు కిలో లెక్కన మేమే వెల కట్టి, అతని పనివానిచేత మా ఎదుటనే రెండుచోట్ల కోయించితిమి. మిగిలిన మూడింటిని కొనుటకు మాకు కారణము చాలలేదు, చేతిలో పైకమును చాలలేదు.

గతమాసమున అదే దారిన పోవుచు దుకాణమువైపు చూచితిమి. త్రాటికి వేరే సామాను వ్రేలాడుచున్నది. ఆ మూడు చక్రములు లేవు.